మూతి మీద కొట్టని గంట

మా ఇంటి వెనుక దడి దాటితే పత్తి చేన్లు, చేన్లు దాటితే గాలిమోటర్ల మైదానం. విమానాన్ని మా దిక్కు పెద్దలు గాలిమోటరు అనేవారు. నేను పుట్టడానికి చాలా ముందే చివరి గాలిమోటరు ఆ నేల విడిచి లేచిపోయింది. అయినా నా చిన్నతనమంతా అక్కడ ఏదో ఒకటి ఇప్పుడే దిగబోతున్నట్టు గడిచింది. చలికాలం పొద్దున మంచు పడితే మైదానం ఉండదు, ఒక తెల్లని వెడల్పు మాత్రం ఉంటుంది. ఆ తెలుపు లోపలి నుంచి మేకల మెడగంటలు వినిపిస్తాయి. మేకలని తెలుసు. తెలిసి కూడా పెరటి అరుగు మీద కూర్చుని, మంచు విడిపోయేదాకా ఇంకెవరి కోసమో చూసేదాన్ని.

ఖానాపూర్ తొవ్వలో, పెద్ద రోడ్డు విడిచి లోపలికి వస్తే మా ఊరు. నేను బడికి పోలేదు. పసితనంలో జబ్బు చేసి ఒక కాలు సన్నబడింది, బడేమో మైదానానికి అవతల. అవ్వే, అంటే మా అమ్మే, ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. పలక కొనకముందు నా అరచేయే పలక. చూపుడు వేలితో అందులో అక్షరం రాసి, ఏం రాసిన చెప్పు బిడ్డా అనేది. నేను కళ్ళు మూసుకుని చెప్పాలి. ఆ తర్వాత పెద్ద అక్షరాల బైబిలు, పాటల పుస్తకం. నా చదువంతా అంతే. ఇవాళ ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే అది అవ్వ వేలి దయ, ఆ వేలిని నాకిచ్చిన దేవుని దయ. జాకెట్లు కుట్టుకుంటూ, బాపును, అంటే మా నాయనను, చూసుకుంటూ, చర్చి పక్కనున్న ఆ ఇంట్లోనే ఉన్నాను. అవ్వ పోయి చాలా ఏండ్లయింది.

మైదానం పుట్టుక నాకు తాత చెప్పిందే. తాత అంటే బాపు వాళ్ళ నాయన. పెద్ద లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం, జరుగుతున్న రోజుల్లో, ఇంకా నిజాం సర్కారు ఉండగానే, కొందరు మనుషులు తాళ్ళూ గూటాలూ పట్టుకుని మా బీడు మీదికి వచ్చారట. అప్పటిదాకా అది మోదుగు చెట్లు, తంగేడు పొదలు, పశువులు మేసే జాగా. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడా మగా అందరినీ పనికి పిలిచారు. మగవాళ్ళు చెట్లు కొట్టారు, ఆడవాళ్ళు మొరం గంపలు మోశారు. ఎడ్లు కట్టిన రాతి రోలరుతో ఆ నేలను తొక్కించి తొక్కించి, ఊడిస్తే దుమ్ము లేవనంత గట్టిగా చేశారు. దాన్నే మేము పట్టీ అంటాం. ఇంత పొడుగు తొవ్వ వేస్తుండ్రు, ఇది ఏ ఊరికీ పోదు కదా అని మా బాపమ్మ, అంటే తాత భార్య, మేస్త్రీని అడిగిందట. మీదికి పోతది అని ఆయన ఆకాశం చూపించాడట. ఆ మాట బాపమ్మకు నచ్చింది. అప్పటికే మా ఇల్లు ప్రభువును నమ్ముకున్న ఇల్లు. మీదికి పోయే తొవ్వకు మొరం మోసిన చేతులు ఇవి అని ముసలితనంలో కూడా చేతులు చాపి చూపించి మురిసేది.

తర్వాత గాలిమోటర్లు వచ్చాయి. తెల్లదొరల గుడారాలు లేచాయి. లడాయి ఎక్కడో తూర్పున, మా దగ్గర దానికి తాలీము, అభ్యాసం మాత్రమే. మైదానం అవతల తుప్పల్లో సున్నంతో పెద్ద గిరి గీసి, మీది నుంచి దాని మీదికి ఇనుప గుండ్లు వదిలేవారట. గుండు పడ్డచోట తెల్లటి పొగ లేస్తుంది. పొగను చూసి గురి తప్పిందో తగిలిందో రాసుకునేవారు. పొగ ఆరిపోయాక బండి కట్టుకుని పోయి ఆ డొల్లలను ఏరుకుని రావడం తాత పని. పక్షుల గుడ్లు ఏరినట్టు ఏరేది అనేవాడు. తాత ఆ మాట చెప్పినప్పుడల్లా నా కళ్ళకు పొగ కనపడేది. పత్తి పగిలే కాలంలో గాలి వస్తే మా చేన్ల మీది నుంచి దూది రేకులు లేచి మైదానం మీదికి పోతాయి. వాటిని చూస్తూ, గిదే గా పొగ అనుకునేదాన్ని.

లడాయి అయిపోయింది. ఒకరోజు గుడారాలు లేవు. డాంబరు డ్రమ్ములు మిగిలితే ఊరి వాళ్ళు తెచ్చుకుని నీళ్ళకు పెట్టుకున్నారు. పట్టీ మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేనిది కాబట్టి మాకు మిగిలింది. దాని మీద మక్కలు ఆరబోశాం, ఉడికించిన పసుపు ఆరబోశాం. పసుపు కాలంలో పట్టీ మొత్తం బంగారు రంగుగా ఉండేది, దగ్గరికి పోతే కళ్ళు మండేవి. ఊళ్ళో పిల్లలంతా సైకిలు నేర్చుకున్నది అక్కడే. గల్ఫ్‌కు డ్రైవరు పని మీద పోయే మగవాళ్ళు మెట్‌పల్లి నుంచి కూడా జీపులు కిరాయికి తెచ్చి అక్కడ చేయి తిప్పుకునేవారు. విమానం దిగడానికి వేసిన తొవ్వ మీద బండి నేర్చుకుని విమానం ఎక్కిపోయారు. నాకు అది ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక గంట.

అప్పుడు మా చర్చికి గంట లేదు. మిషను దొర పంపిస్తానన్న గంట రాలేదు. గుడారాలు పోయిన కొన్ని వానాకాలాల తర్వాత, వాగు ఇసుకలో కూరుకుపోయిన ఒక గుండు డొల్ల తాతకు కనపడింది. తోక రేకు విరిగి, ఆ వైపు నోరు తెరుచుకుని ఉంది. లోపలి పొడినంతా వాగు కడిగేసింది. తాత దాన్ని బండి మీద ఇంటికి తెచ్చాడు. వరిగడ్డి కిందా మీదా వేసి, ఎడ్లను నడిపించుకుంటూ, తాను బండి ఎక్కకుండా పక్కన నడుస్తూ తెచ్చాడని బాపమ్మ చెప్పి నవ్వేది. ఇనుమును కోడిగుడ్ల లెక్క తెచ్చిండు మీ తాత, గంత భయస్థుడు అనేది.

లడాయి సామాను దేవుని ఇంటికా అని పెద్దలు కొందరు అడ్డం చెప్పారట. అప్పటి పాస్టరు అయ్యగారు ఆలోచించి, మనం కూడా అంతకంటె పనికిమాలిన తీరులోంచే వచ్చి ఆయన ఇంట్ల నిలవడ్డం కదా అన్నారట. దానితో గంట కట్టారు. చర్చి ముందు రెండు టేకు దూలాలు పాతి, అడ్డ దూలానికి గొలుసు వేసి, తెరిచిన తోక మీదికి, సన్నటి మొన కిందికి వచ్చేట్టు వేలాడదీశారు. ఆ మొనకు ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దాన్ని మేము గంట మూతి అనేవాళ్ళం.

తాత ఒక నేమం పెట్టాడు. గంటను తుమ్మకొయ్య సుత్తెతోనే కొట్టాలి, ఇనుముతో కొట్టొద్దు. కడుపు మీద కొట్టాలి, మూతి మీద కొట్టొద్దు. ఎందుకని ఎవరైనా అడిగితే, మూతి స్తుతి చేసే చోటు, బిడ్డలనైనా మూతి మీద కొడతామా అనేవాడు. నిజంగానే మా ఇళ్ళలో పిల్లలను వీపు మీద కొట్టేవారు కానీ మూతి మీద కొట్టేవారు కాదు. కొట్టబోతే పెద్దవాళ్ళు చేయి పట్టుకునేవారు. గంట వల్ల ఆ నేమం ఇళ్ళకు వచ్చిందో, ఇళ్ళ నుంచి గంటకు పోయిందో నాకు తెలియదు.

తాత తర్వాత గంట బాపు చేతికి వచ్చింది. ఆదివారం ఆరాధనకు, చావుకు, పెండ్లికి, అంటుకున్న గడ్డివాముకు, తప్పిపోయిన పశువుకు గంట బాపుదే. హిందువుల ఇండ్లలో చావు అయినా వచ్చి, జర కొట్టు మామా అని అడిగేవారు. పసుపు తవ్వే రోజుల్లో వాళ్ళ ఆడవాళ్ళు గంటకు ఇంత పసుపు పూసి పోయేవారు. బాపు దాన్ని ఆదివారం పొద్దుటిదాకా తుడిచేవాడు కాదు. ఇంకొక వాడుక ఉంది. గల్ఫ్ నుంచి వచ్చినవాడు ఏ మతం వాడైనా, ఇల్లు చేరకముందు గంటను ఒక దెబ్బ కొట్టాలి. ఒకే ఒక దెబ్బ వినపడితే ఎవరో వచ్చిండ్రని ఊరికి అర్థం. ఎదురుచూసే ఆడవాళ్ళంతా చేతిలో పని విడిచి గడపలోకి వస్తారు. బాపు పక్కన నిలబడి, కడుపు మీద కొట్టు కొడుకా, మూతి మీద కాదు అని ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ గంటే బాపు చెవులను తినేసింది. కరీంనగర్ తీసుకుపోతే, డాక్టరు చూసి ఇక రాదన్నాడు. బాపు కొన్నాళ్ళు మనుషులకు దూరంగా కూర్చున్నాడు. తర్వాత ఒక ఆదివారం చూశాను. కుడిచేత్తో సుత్తె ఎత్తి కొట్టి, ఎడమ అరచేతిని గంట కడుపు మీద ఆనించి నిలబడ్డాడు. మోత ఆగిపోయాక కూడా ఆయన చేయి తీయలేదు. చేతి కింద ఇంకా ఏదో నడుస్తూ ఉందన్నట్టు ముఖం. ఆ రోజే నాకు అవ్వ వేలు గుర్తొచ్చింది. ఇంటికి వచ్చాక బాపు అరచేతిలో 'అన్నం' అని రాశాను. బాపు చదివి, ఏం కూర అన్నాడు. అప్పటి నుంచి మా మాటలు అలాగే. దేవుడు ఒక తలుపు మూసి ఊరుకోడు, ఎక్కడో గోడ పల్చగా ఉన్నచోటు చూపిస్తాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న కోత పండుగ ముందు రోజు జరిగింది చెప్పడానికి.

గాలిమోటర్ల మైదానం మళ్ళీ తెరుస్తారని కొన్నాళ్ళుగా మాట వినపడుతూనే ఉంది. కొలతలు తీసేవాళ్ళు వచ్చారు. జేసీబీతో తుప్పలు తీస్తుంటే వాగు ఒడ్డున మట్టిలోంచి తుప్పు పట్టిన గుండు ఒకటి బయటపడింది. పోలీసులు వచ్చారు. వాళ్ళ వెనుక బాంబులు చూసే సారు ఒకాయన, ఇద్దరు మనుషులతో వచ్చాడు. బక్కపల్చని మనిషి, మన కరీంనగర్ మాటే. పొద్దుటి నుంచి ఎండలో పని చేసి, అది ఉత్త పొగగుండని తేల్చుకుని, మధ్యాహ్నం మా ఇంటికి మంచినీళ్ళకు వచ్చాడు. చర్చిలో మరుసటి రోజుకు గుమ్మడికాయలు, వరి పనలు, మక్కజొన్న కంకులు పేరుస్తున్నారు. కోత పండుగకు ముందురోజు ఊరికి గుర్తు చేయడానికి గంట కొడతాం. నేను చెంబు అందిస్తుండగా బాపు సుత్తె పట్టుకుని పోతున్నాడు.

సారు చెంబు ఎత్తి గొంతులో పోసుకుంటూ పోసుకుంటూ ఆగిపోయాడు. చూపు గంట మీద నిలిచిపోయింది. చెంబును ఎంత మెల్లగా కింద పెట్టాడంటే, చప్పుడు కాలేదు.

"అక్కా, గది ఎవరు కట్టిండ్రు?" అన్నాడు.

మా తాత అని నేను గర్వంగానే చెప్పాను. ఆయన వినలేదు. లేచి, ఓ పెద్దమనిషీ, ఆగు, కొట్టకు అని అరిచాడు. బాపుకు ఎట్లా వినపడుతుంది. సుత్తె లేచింది. సారు నన్ను చేయి పట్టి గోడ వెనక్కి లాగి తానూ వంగాడు. దోం అని మోగింది. పావురాలు లేచి చర్చి కప్పు మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయి. మరేమీ కాలేదు. బాపు ఎడమ చేయి గంట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

నేను కుంటుకుంటూ పోయి ఆయన చేయి పట్టుకుని 'చాలు' అని రాశాను. ఒక్క దెబ్బే అయింది, ఎవరో వచ్చిండ్రనుకుంటరు కదా అన్నాడు బాపు. 'బాంబు సారు వద్దంటున్నాడు' అని రాస్తే నవ్వాడు. బాంబని అందరికి ఎరికే కదా, సచ్చిన బాంబు అన్నాడు.

చచ్చిందో లేదో చూడాలని సారు అన్నాడు. కడుపు డొల్లే, ఆ సంగతి మోతలోనే తెలుస్తుంది, డొల్ల కాకుంటే అట్లా మోగదు. ఆయన ఫికరంతా మూతి గురించి. కింది ఇత్తడి బిళ్ళ లోపల చిన్న మందు ఉంటుందట. నేల తాకగానే పేలేది అదేనట. అది ఇన్నేండ్లకు చచ్చి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పక్కన నిలబడ్డ మనిషి పోవడానికి మాత్రం అది చాలు అన్నాడు.

ఊరంతటినీ పట్టీ మీదికి పంపించారు. పండుగ ముందురోజు కాబట్టి ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. సగం ఉడికిన బువ్వ గిన్నెలు, చంటిపిల్లలు, ఒక ఇంట్లో కోసి పెట్టిన కోడి కూడా పట్టీ మీదికి వచ్చాయి. పొద్దు వంగుతోంది. దూది రేకులు తేలుతూ వచ్చి మా తలల మీద వాలుతున్నాయి. ఇంతమంది ఒకేసారి ఆ నేల మీద కూర్చోవడం బాపమ్మ గంపలు మోసిన నాటి తర్వాత ఇదేనేమో. ముసలివాళ్ళు తమ వాళ్ళు చెప్పిన ముచ్చట్లు ఒక్కొక్కటి బయటికి తీస్తున్నారు. ఎవరి తల్లికో తెల్లదొర రొట్టె ఇస్తే ఆమె దాన్ని బర్రెకు పెట్టిందట. ఎవరి తాతనో గాలిమోటరు రెక్క కింద నిద్రపోతుంటే లేపారట. అవన్నీ వింటూ నాకు అంతా కలలా ఉంది. కింద నేల వెచ్చగా ఉంది. కూర్చున్నది పట్టీ మీదో, మంచు మీదో తెలియని తీరు.

మా పక్కింటి వదిన నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కాపుదనం చేసుకునే హిందువుల ఇల్లు, ఆమె మగడు మస్కట్‌లో ఉంటాడు. కిందటేడు వచ్చినప్పుడు గంట కొట్టే ఇల్లు చేరాడు.

"మా ఆయన గంట కొట్టుడు జూసినవా నువ్వు?" అంది. "ఎడారిల గిన్నేండ్లు ఏం గాలే. సెలవు మీద వచ్చి, పెండ్లాం మొఖం గూడ జూడకుండ బాంబు కింద నిలవడ్డడు."

అంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. ఫోన్ చేసి చెప్పావా అని అడిగాను. చెప్పలేదంది. చెబితే వచ్చేటప్పుడు గంట కొట్టకుండా ఇంటికి వస్తాడు, అప్పుడు ఆయన వచ్చింది నాకెట్ల తెలుస్తది అంది.

బాపు మాత్రం ఎవరి మాటల్లోనూ లేడు. మా చర్చి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి దూలాలు సన్నటి గీతల్లా కనపడుతున్నాయి. వాటి మధ్య గంట నల్లటి చుక్క. దాని చుట్టూ ఇసుక బస్తాలు పేరుస్తున్నారు. కొంతసేపటికి తన అరచేతిని నా ముందు చాపాడు. రాయమని.

"తీస్కపోతరా?" అన్నాడు.

తెలియదు అని రాయాలి. రాయడానికి నా వేలు రాలేదు. బాపు చేయి అట్లాగే చాపి ఉంచాడు.

"గది పోతె నేను ఉత్త చెవిటోన్ని బిడ్డా," అన్నాడు. చేయి తీసుకుని నేల మీద పెట్టుకున్నాడు.

నేను ప్రార్థన చేసుకున్నాను. ఏమని చేశానో చెప్పడానికి నాకు సిగ్గులేదు. ప్రభువా, సారు మంచివాడు, ఆయనకు ఏమీ కానీయకు అని మొదట అడిగాను. గంటను విడిచిపెట్టు అని తర్వాత అడిగాను. రెండోది పెద్ద కోరికేమోనని భయపడి, నీ ఇష్టం అని చివర కలిపాను. కలిపాను కానీ, ఆ మాట అన్నప్పుడు నా మనసు అందులో లేదు.

సారు వాళ్ళు మూతిని మెల్లగా ఊడదీశారట. ఇసుక నింపిన డబ్బాలో పెట్టి, జీపులో పట్టీ చివరికి, తాత గుండ్లు ఏరిన తుప్పల వైపు తీసుకుపోయారు. మమ్మల్ని ఇటు చివరికి జరిపారు. దూరం నుంచి తాడు లాగి దాని మీద బరువు పడేస్తారట, లోపలి మందు బతికి ఉంటేనే పేలుతుందట. అందరం చెవులు మూసుకున్నాం. బాపు ఒక్కడే మూసుకోలేదు. అరచేయి నేల మీద అట్లాగే ఉంది.

ఠప్పుమని పేలింది. అనుకున్నంత పెద్దది కాదు, ఎవరో దూరంగా తలుపు గట్టిగా వేసినట్టు. తుప్పల మీద గుప్పెడు తెల్లటి పొగ లేచి, గాలికి మా వైపే వచ్చి, దూదిలో కలిసి కనపడకుండా పోయింది. తాత చెప్పిన పొగను కళ్ళతో చూస్తానని నేను ఎన్నడూ అనుకోలేదు.

బాపు తల ఎత్తాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇన్నవా?" అన్నాడు నన్ను. "నాకు ఇనొచ్చింది."

అవును అని రాశాను. అప్పుడే మందు బతికే ఉందన్న సంగతి నా లోపలికి దిగింది. ఆ గంట కింద నేను బాల్యమంతా ఆడుకున్నాను. అవ్వ శవపేటికను దాని కింద నుంచే మోసుకుపోయాం. ఎంతమంది కొడుకులు, ఎంతమంది మగలు గల్ఫ్ నుంచి వచ్చి దాని కింద నిలబడి ఉంటారు.

సారు జీపు దిగి మా దగ్గరికి వచ్చాడు. చెమటతో చొక్కా తడిసి ఉంది. వదిన మజ్జిగ ఇస్తే నిలబడే తాగాడు. ఇన్నేండ్లు కొడుతుంటే ఆ ఇత్తడి బిళ్ళ మీద ఒక్క నొక్కు కూడా లేదు, అదెట్లా అని అడిగాడు. నేను నేమం చెప్పాను. మూతి మీద కొట్టొద్దు, ఇనుముతో కొట్టొద్దు. మూతి స్తుతి చేసే చోటు.

ఆయన మజ్జిగ గిన్నె వదిన చేతికి తిరిగి ఇచ్చాడు. తర్వాత, మీ తాతకు తెలిసే చెప్పిండా అక్కా అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. బండి మీద వరిగడ్డి గుర్తొస్తే తెలుసేమో అనిపిస్తుంది. తెలిస్తే చర్చి ముందు ఎందుకు కడతాడు అని కూడా అనిపిస్తుంది. భయాన్ని పిల్లలకు భయంగా ఇవ్వడం ఇష్టం లేక భక్తిగా చుట్టి ఇచ్చాడేమో. లేదా ఏమీ తెలియకుండా, ఉత్త భక్తితోనే చెప్పి ఉంటాడు, కాపాడవలసినవాడు కాపాడాడు. రెండిట్లో ఏదైనా నేను మోకరించవలసిందే కాబట్టి ఎక్కువ ఆలోచించను.

పాస్టరు అయ్యగారు ముందుకు వచ్చి, మరి గంట సంగతి ఏంది సారు అన్నారు. ఊరంతా చుట్టూ మూగింది. బాపు మా పెదవుల వంక చూస్తున్నాడు. సారు ఆయన వంక ఒకసారి, దూరంగా దూలాల వంక ఒకసారి చూశాడు.

"గంటనా?" అన్నాడు. "బాంబైతే తీస్కపోవుడు నా డ్యూటీ. ఇప్పుడు గది ఇనుప గొట్టం. ఇనుప గొట్టం తెమ్మని నాకు ఎవ్వలు చెప్పలే."

నేను బాపు చేతిలో 'మనదే' అని రాశాను. బాపు చదివి, ఇంకోసారి రాయమన్నాడు. రాశాను. మళ్ళీ చాపాడు. మళ్ళీ రాశాను.

మరుసటి రోజు కోత పండుగ. చర్చి గడప దాకా గుమ్మడికాయలు. మామూలుగా ఆరాధన వేళకు వచ్చేవాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి గంట ముందు నిలబడ్డారు. వదిన పట్టుచీర కట్టుకుని, చేతిలో పసుపు పట్టుకుని వచ్చింది. నిజం చెప్పాలంటే మాకందరికీ లోపల బెరుకుగానే ఉంది. మూతి లేని గంట ఎట్లా మోగుతుందో, మోగుతుందో మోగదో. ముఖ్యంగా, నిన్న చీకటి పడ్డాక ఇల్లు చేరి ఇంకా గంటను దగ్గరగా చూడని బాపుకు, మూతి పోయిందని ఎవరు చెప్పాలి. పొద్దున ఆయన సుత్తెకు నూనె రాస్తుంటే చెబుదామని చేయి పట్టుకుని కూడా, 'మంచు' అని రాసి ఊరుకున్నాను.

బాపు సుత్తె ఎత్తి కొట్టాడు. అది పాత గొంతు కాదు. పాత గొంతు దోం అని లోపలికి మింగుకున్నట్టు ఉండేది. ఇది సాగింది. మీదా కిందా తెరుచుకున్న గొట్టంలోంచి బయటికి వచ్చి, చేన్ల మీది నుంచి, మంచు లోపలికి, పట్టీ పొడవునా పోతూనే ఉంది. పిల్లలు నోళ్ళు తెరిచారు. పెద్దవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మొదట ఎవరమూ బాపు వైపు చూడలేదు.

ఆయన ఎడమ అరచేయి గంట కడుపు మీద ఉంది. ఎప్పటికంటె ఎక్కువసేపు ఉంచాడు. కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. చేతిని మెల్లగా కిందికి జరుపుకుంటూ, బతుకులో ఎన్నడూ తాకని చోటికి, మూతి ఉన్నచోటికి తెచ్చాడు. ఖాళీని వేళ్ళతో తడిమాడు.

"గిన్నేండ్లకు నోరు తెరిచింది," అన్నాడు. చెవిటివాళ్ళు అన్నట్టు గట్టిగా, అందరికీ వినపడేట్టు. ఇంకో దెబ్బ వేశాడు.

వదిన ముందుకు వచ్చి గంటకు పసుపు పూసింది. పాస్టరు అయ్యగారు చూసి కూడా చూడనట్టు పాట ఎత్తుకున్నారు.

ఇప్పుడు ఆ గంటకు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. సాయంత్రం మైదానం దిక్కు నుంచి గాలి తిరిగితే, ఎవరూ కొట్టకుండానే సన్నగా హూం అని పాడుతుంది. జాకెట్లు కుడుతూ మిషను ఆపి వింటాను. తాతకు వినపడ్డ గాలిమోటర్లు దూరం నుంచి ఇట్లాగే వచ్చి ఉంటాయి అనిపిస్తుంది. అవి దేని మీదికి పోయాయో, ఎవరి ఊళ్ళ మీదికి పోయాయో తలుచుకుని, ఆ ఊళ్ళ కోసం కూడా ఒక మాట ప్రార్థన చేసుకుంటాను.

మొదటిసారి అట్లా పాడిన సాయంత్రం బాపును చేయి పట్టి తీసుకుపోయాను. ఏమీ చెప్పకుండా ఆయన అరచేతిని తీసి గంట మీద పెట్టాను. బాపు ఉలిక్కిపడ్డాడు. దూలం చుట్టూ తిరిగి చూశాడు. సుత్తె ఆయన చంకలోనే ఉంది.

"ఎవలు కొడుతుండ్రు?" అన్నాడు.

ఆయన రెండో చేయి తీసుకుని 'గాలి' అని రాశాను. బాపు ఆ చేతిని మూసుకున్నాడు. గంట మీది చేతిని మాత్రం పొద్దు మునిగేదాకా తీయలేదు.